మూగన్న

అక్క ఆరిన బట్టలు మడతపెడుతుంటే, తమ్ముడు తన గదిలోంచి వచ్చి హెడ్‌ఫోన్స్ మంచం మీద పడేసి, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“ఏరా, ఆటలో ఓడిపోయావా?”

“సరదాకి కొత్త పేరు పెట్టుకుని, ఆడ క్యారెక్టర్‌తో మా టీమ్‌లోనే చేరానక్కా. నేనని ఎవరికీ చెప్పలేదు.”

“ఊఁ.”

“ఒకడు ఫోటో పెట్టమంటాడు. ఇంకొకడు వంటింట్లోకి పొమ్మంటాడు. మిగతావి నీతో చెప్పలేను. అవి నోళ్లు కావు, మురిక్కాలవలు.”

“చెప్పక్కర్లేదులే. ఆ తువ్వాలు ఇటివ్వు.”

“టైప్ చేసి తిరిగి తిట్టాను. అగ్గికి ఆజ్యం పోసినట్టయింది.”

“అవును, ఇంకా రెచ్చిపోతారు.”

“నీకెలా తెలుసు?”

“అందరూ అంటుంటారుగా.”

“అంతా రోజూ నాతో ఆడేవాళ్లే! ఒక్క మూగన్నే నయం. వాడి క్యారెక్టర్‌కి గడ్డం, గొడ్డలి ఉంటాయిలే. మైకు పాడైందట, ఎప్పుడూ మాట్లాడడు. ఇవాళ తన ఆట వదిలేసి, చివరిదాకా నాకు అడ్డంగా నిలబడ్డాడు. మేమంతా కలిసి కొత్త మైకు కొనిస్తామన్నా వద్దంటాడు, మొండిఘటం.”

అక్క చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

“ఆ బాణాల పిల్లవి నువ్వా?”

అతను నోరు తెరిచి ఆమె వైపే చూశాడు.

“అక్కా... మూగన్నవి నువ్వా?”

“ఎవరో ఆడపిల్ల, పాపం, అనుకున్నానురా.”

“మరి మైకు?”

అక్క చొక్కా మడత పూర్తిచేసి అతని ఒళ్లో పెట్టింది.

“మైకుకేం, నిక్షేపంలా ఉంది. గొంతే ఆడది.”