అగ్నిపర్వతం దాకా వినపడిన దరువు

"మొదటి కచేరీలో వేదిక మీద మీరు ముందు, మేం వెనక. మాటంటే మాటే అవ్వా!"

మార్చిలో ఫిలిస్మీనా అవ్వ వంటింట్లో, ఆమె దరువును ఫోనులోకి ఎక్కించుకుంటూ బ్యాండు కుర్రాడు జిల్డో అన్న మాట అది. అవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు తొడల మధ్య గుడ్డమూటలు పెట్టుకుని, కేప్ వెర్డె దీవుల్లో తల్లులు నేర్పిన 'బతూకు' అనే ఆడవాళ్ళ దరువు వాయించారు. మేలో కచేరీ అయిపోయింది. వాళ్ళకి కబురైనా లేదు.

జూన్ మొదటి ఆదివారం, లిస్బన్ శివారులో సెలెస్త్ కాఫీకొట్టు. మూలన అవ్వ కచూపా, అదే మొక్కజొన్న గింజల పులుసు, తింటోంది. జిల్డో అటు వీపు తిప్పి తన కచేరీ కథ అందుకున్నాడు.

"మా బ్యాండులో నలుగురం, నాలుగు దేశాలవాళ్ళం. చిన్న కచేరీయే కదా అని మెషీను మీట నొక్కానా, ముందు వరసలో ముసలాయన చేతికర్ర పారేశాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాపలా పోలీసులు టోపీలు ఎగరేసి గంతులు, జనం యాభైవేలు..."

"పొద్దున ఐదువేలన్నావు," అన్నాడు పేక కలుపుతున్న తీతు.

"పొద్దున ఇంకా లెక్క తేలలేదు బావా! ఆ గంతులకి తేజు నది మీద వంతెన ఊగింది, కింద ఓడలు కూతలు కలిపాయి, నది సముద్రంలోకి పోవడం మానేసి వెనక్కొచ్చి మొదటి వరసలో నిలబడింది..."

"మీ కాళ్ళు తడవలేదూ?"

"ఆడుతుంటే ఎవడికి తెలుస్తుంది! అక్కడితో ఆగిందా? సముద్రం అవతల కేప్ వెర్డెలో, ఫోగో దీవి అగ్నిపర్వతం నిద్రలేచి, నిప్పులు కక్కబోయి, 'ఎవడ్రా వాడు, ఇంకోసారి!' అంది. అంతా ఈ రెండు చేతులే, వేరొకరి వేలు పడలేదు!"

"వినిపించరా!" కొట్టంతా అరిచింది. జిల్డోకి ఒళ్ళు పులకరించింది. ఫోనులో పాట పెట్టాడు. కుర్చీలు జరిగాయి, సెలెస్త్ గరిటెతోనే ఆడింది. వాయించినవాళ్ళదే దరువు అన్న న్యాయం ఇంకా ఏ వేదికా ఎక్కలేదు.

"నాలుగో దెబ్బ తర్వాత 'ఖళ్' మంటుందే, అదేంట్రా?" అడిగాడు తీతు.

"నా సొంత కల్పన బావా! మూడు నెలలు నిద్రలేదు."

"అది నా దగ్గు," అంది అవ్వ, చెంచా పక్కన పెట్టి. "మార్చిలో జలుబు చేసింది."

కొట్టు పగలబడి నవ్వింది. "నది వెనక్కొచ్చింది అవ్వకి కషాయం ఇవ్వడానికట!" అన్నాడు తీతు.

జిల్డో చెవులు కాలిపోయాయి. ఆ దరువు తీసేస్తే పాటలో మిగిలేది మెషీను గురకే. అది అతనికి తెలుసు.

అవ్వ నవ్వలేదు. "ఐదుగురం కొత్త గుడ్డలు కుట్టించుకుని మే అంతా ఎదురుచూశాం. జులై ఐదున మళ్ళీ వాయిస్తున్నావటగా. వేదిక మీద మేం ముందుంటామా, లేక మా దరువు మాకిచ్చేస్తావా? ఇక్కడే, అందరి ముందూ చెప్పాలి. జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం లోగా."