ఎగువ నుంచి ఫోను

కొండ కింద ఏటి ఒడ్డున ఉండే మొమేనా పట్టిన పంతం వదిలే మనిషి కాదు. దిగువన సునామ్‌గంజ్ పల్లపు పొలాల నడుమ గట్టుమీద కాపురమున్న చెల్లెలు షెఫాలీకి ఏడు నెలల తరవాత, చైత్రమాసం చివర్లో ఒక పొద్దున, తనే ఫోను చేసింది.

"అంటే ఇంకా కోతలు అవలేదా?"

"మూడో వంతయింది. ఈ ఏడు మనుషులు దొరకట్లేదక్కా. ఆయనేమో జ్వరంతో మంచం దిగట్లేదు."

"మరి కోసేదెవరు?"

"ఉన్నార్లే. ఒకళ్ళు సాయం వచ్చారు."

"ఎవరు?"

"వచ్చార్లే. బావ ఇంట్లో ఉన్నాడా?"

"ఛాతక్‌ రేవులో మూటలు మోసే పనుందని మొన్ననే వెళ్ళాడు. ఆయన సంగతెందుకుగానీ, పైరు బాగుందా?"

"బంగారంలా ఉంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఏడాది తిండి. ఏటి నీళ్ళాపే కట్టకే ఈసారి మట్టి సరిగ్గా పొయ్యలేదు, కాలితో తంతే ఊడేట్టుంది. నువ్వున్నావన్న ధైర్యమే."

"నేనున్నానా."

"ఊరంతా నన్నేగా అడిగేది, మీ అక్క ఫోను చేసిందా అని. ఏటా కొండమీద వాన పడితే నువ్వే చెప్తావు, మేం పల్లం ఖాళీ చేసి గట్టుమీదకి వచ్చేస్తాం. నువ్వు చెయ్యలేదంటే వాన లేనట్టే."

"ఊఁ."

"కోపం పోయిందా అక్కా?"

"అమ్మ పోయి ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

"నాకెప్పుడు తెలిసింది?"

"మళ్ళీ అదెందుకక్కా."

"చెప్పు."

"మర్నాడు."

"మట్టి వేసేశాక. ముఖం కూడా చూడనివ్వలేదు."

"ఆ రోజు నా మతి నాకు లేదు. నువ్వొచ్చేదాకా ఉంచడం కుదరదని వీళ్ళు తొందరపెట్టారు..."

"ఒక్క ఫోను, షెఫాలీ. ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేకపోయావు."

"తప్పే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"అక్కర్లేదు. నేనూ చెయ్యలేదులే."

"ఏంటి చెయ్యలేదు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి కొండమీద కుండపోత. చీకటి పడేసరికి ఏరు మా గుమ్మందాకా వచ్చింది. రాత్రంతా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూచున్నా."

"అక్కా, మసీదు మైకులో ఏదో అంటున్నారు."

"ఏమంటున్నారు?"

"కట్ట తెగిందంటున్నారు. పారలూ తట్టలూ తేవద్దు, ప్రాణాలు దక్కించుకోండి అంటున్నారు."

"అయితే కబురు అందిందన్నమాట. నీకేం, గట్టుమీద ఇంట్లోనే ఉన్నావు. మీ ఆయనా మంచంమీదే ఉన్నాడాయె. పైరేగా పోయేది. ఏడువు, నేనేడ్చినట్టు."

"పల్లంలో కోస్తున్నది బావేనక్కా."

"ఏ బావ?"

"నాకెంతమంది బావలున్నారు? నీకు చెప్తే రానివ్వవని ఛాతక్ పేరు చెప్పాడట. నిన్న రాత్రి అన్నాను, ఉత్తరాన మబ్బు పట్టింది, కళ్లం పాకలో పడుకోకు బావా, ఇంటికొచ్చెయ్యి అని. నీళ్ళు దిగుతుంటే మీ అక్క ఫోను చెయ్యకుండా ఉంటుందా, అన్నాడు."