హోల్డానన్న, ఫోను పెట్టేసిన

"తాతా, 'హోల్డ్ ఆన్'కు అర్థాలు రాసుకరమ్మన్నడు మా సారు. అమ్మమ్మనడిగితే ఒకటే నవ్వుడు. 'కిరాణం తాతనడుగు పో' అన్నది. ఎందుకు?"

నవ్విందా మీ అమ్మమ్మ లక్ష్మి? నవ్వదా మల్ల! కూసో బిడ్డా, ఫ్యాన్ కింద కూసో.

గప్పట్ల మన ఖానాపూర్ల, మా గల్లి మొత్తానికి ఫోను నా దుకాన్లనే ఉండె. దుబాయి పోయినోళ్లు, మస్కట్ పోయినోళ్లు అందరు నాకే చేస్తుండ్రి. చక్కెర గప్పుడు కిలో... ఏ, చక్కెర సంగతి ఇడిసిపెట్టు. నిర్మల్ ఎక్స్ఛేంజిల ఒక ఆపరేటరమ్మ ముక్కుతోని 'హోల్డాన్' అంటుండె. జర ఆగుమనుడన్నట్టు. నాకు గామాట మస్తు నచ్చింది. ఇగ ఉప్పడిగినోళ్లకు హోల్డాన్, పప్పడిగినోళ్లకు హోల్డాన్. మా ఆమె అన్నానికి పిలిస్తె సుత హోల్డానే. ఒకదినం పళ్లెం తీసి లోపల పెట్టి, "గదే తిను" అన్నది.

మీ తాత నర్సయ్య పెండ్లయిన కొన్ని దినాలకే మస్కట్ పోయిండు గదా. మీ అమ్మ గప్పటికింక పుట్టలే. ఒకనాడు పొద్దుగాల ఫోన్ చేసిండు. "భాయ్, లక్ష్మిని జల్ది పిలువు. ఇంకో రెండేండ్లు ఉంటనని కంపెనోళ్లు సంతకం పెట్టుమంటుండ్రు. మాపటికి చెప్పాలె. ఆమె ఎట్లంటె గట్ల" అన్నడు.

నేను ఛాతి ఇరుసుకొని "హోల్డాన్!" అన్నన్నా? అని ఏం చేసిన్నో ఎరికేనా? ఫోను సక్కగ దాని జాగల పెట్టేసిన. ఊకె పెట్టలే బిడ్డా, మా ఆమె అల్లిన దారం గుడ్డ సుత కప్పిన! దుమ్ము పడొద్దని!

లుంగి ఎత్తిపట్టుకొని ఉరికిన. గప్పుడు సుత నాకు గీ పొట్ట ఉండె, జర తక్కువ... ఏ, గింతే ఉండె. మీ అమ్మమ్మ బీడీలు చేస్తుండె. మాట సగం ఇని, తునికాకు చాట పట్టుకొనే నాకంటె ముందు ఉరికింది. దుకాన్లకొచ్చి గుడ్డ తీసి చూసింది. మల్ల నన్ను చూసింది.

"ఏడున్నడన్నా?"

"లైన్ల ఉన్నడమ్మా" అన్న. ఎత్తిన. గుయ్యిమంటుంది. సిగ్గు దాసుకోవాలె గదా, గా గుయ్యికే "హలో, హోల్డాన్, హోల్డాన్" అంటున్న!

ఆమె ఒక్క మాట తిట్టలే. తిట్టినా బాగుండు. బియ్యం బస్తా మీద కూసొని ఫోను మీద చెయ్యేసింది. మల్ల తియ్యలే. గిరాకులొచ్చిండ్రు, పోయిండ్రు. మా ఆమె వచ్చి, లక్ష్మి తిట్టేటియి సుత కలిపి తనే తిట్టింది. నాకైతె పానం పానంల లేదు. జవాబు రాలేదని నర్సయ్య సంతకం పెడితె? గీ పిల్ల రెండేండ్ల ఉసురు నా నెత్తిన పడ్డట్టే గదా. అల్లా కసం, గంత భయం నాకు ఎన్నడు కాలే.

దీపాలు పెట్టే యాళ్లకు మోగింది. నేను లేవకముందే ఎత్తింది.

"సంతకం పెట్టకు. వచ్చెయ్."

గంతే. ఇగ ఇద్దరు మాట్లాడుతలేరు, ఫోను పెడుతలేరు. అక్కడ ఆయన ఏడుస్తుండు, ఇక్కడ ఈమె ఏడుస్తుంది. నేను గోధుమపిండి దిక్కు తిరిగి ఏడ్చిన. శానా సేపటికి ఆమె నా దిక్కు చూసి, "అన్నా, నువ్వు ముట్టకు. నేనే పెడత" అన్నది.

నర్సయ్య వచ్చిండు. మీ అమ్మ పుట్టింది. నామకరణం నాడు గల్లి పోరగాండ్లు నన్ను చూసి "హోల్డాన్ సాయబు" అని మొత్తుకున్నరు. గా పేరు ఇంక పోలే.

రాసుకున్నవా? ఏం రాసినవ్? 'ఆగు' అనా? రాయి. 'ఇడువకు' అని సుత రాయి, మీ సారు మార్కులేస్తడు. నీకు సుత లైన్ల ఉండేటోడే దొరకాలె బిడ్డా, సల్లగుండు.

అగో, నీ ఫోనే మోగుతుంది. అమ్మమ్మనా? నువ్వే మాట్లాడు, నువ్వే మాట్లాడు. నా చేతికియ్యకు.