రెండు జెండాలకూ ఒకే ఇస్త్రీ

కుర్చీలు ఎదురెదురుగా వేయాలి, గ్లాసులు తుడవాలి, రెండు దేశాల జెండాలూ ఇస్త్రీ చేయాలి. తెల్లారితే సంధి చర్చలు జరిగే ఆ హాలులో పనికి వదినా మరదళ్లు ఇద్దరే మిగిలారు.

"శత్రువుల జెండాకు ఇంత మురిపెమా వదినా? అన్నయ్యను ఖైదు చేసింది వాళ్లే కదా!"

"అందుకే చేస్తున్నా."

"కాస్త కాల్చెయ్, పీడా పోతుంది."

"పోయినసారి చర్చల్లో మన జెండా బెత్తెడు ఎత్తుగా ఉందని వాళ్లు అలిగి లేచి వెళ్లిపోయారు. ఖైదీల ఊసే రాలేదు. ఈసారి వాళ్లకు ముడత కూడా సాకుగా దొరకకూడదు."

"అన్నయ్య చొక్కాల మీద ఎప్పుడైనా ఇంత శ్రద్ధ పెట్టావా తల్లీ?"

"లేదమ్మా. యుద్ధానికి పిలుపొచ్చిన రోజు నలిగిన చొక్కాతోనే రైలెక్కారు. చేసిస్తా, ఆగమన్నాను. 'వచ్చాక చేద్దువుగానిలే' అన్నారు."

మరదలు నవ్వబోయి ఆగిపోయింది. గ్లాసులు పక్కన పెట్టి వచ్చి, శత్రువుల జెండా కొస పట్టుకుంది.

"ఇదిగో వదినా, ఇక్కడ ఇంకా ముడత ఉంది."

రేపు టీవీలో ఆ రెండు జెండాలు కనిపిస్తే, నలిగిన చొక్కాతో వెళ్లిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.