ఫిట్ అంటే ఏటని అడిగితే

“అమ్మమ్మా, ఫిట్ అన్న మాటకి ఎన్ని మీనింగులున్నాయో రాసి తెమ్మంది మా మేడమ్. సిననిమ్స్ కూడా కావాలట. నీకేమైనా తెలుసా?”

ఫిట్టా? ఓలమ్మీ, నాకు ఇంగ్లీషెక్కడొచ్చు గానీ, ఆ మాటొక్కటీ తెలుసే. బాగా తెలుసు. రాసుకో. ఒంటికి సరిపోతే ఫిట్టు. జాకెట్టు కుట్టించుకుంటే కేంపు బజార్లో టైలరు అనీవోడు, ‘ఫిటింగ్ ఏక్‌దమ్ బరాబర్ హై’ అని. అదొకటా. పంకా బిగిస్తే ఫిట్ సేసినాం అంటారు. మా పెద్దన్నయ్య ఫిట్టరే, ఆడి వెనకాలే మేం ఇజీనారం నుంచి ఈ భిలాయి ఊరొచ్చినాం. ఆడి పెళ్ళిలో పట్టుపంచె కట్టుకుని, మండపంలో కుర్చీ కాలు వదులుగుందని కూకుని బిగించినాడు, పురోయితుడు తిట్టినాడు... ఏటి సెప్తన్నాను? ఆఁ. రోగం రొష్టూ నేకపోతే ఫిట్టు. తందురుస్త్ అంటారు కదా మీరు. రాసినావా?

ఇంకోటుంది, మీ పుస్తకంలో ఉందో నేదో. మనిషి కింద పడి కాళ్ళూ సేతులూ కొట్టుకుంటే, నోట్లో నురగొస్తే, దాన్నీ ఫిట్సే అంటారు. ఉందా? సూడు మరి. బాగున్నోడికీ అదే మాట, బాగునేనోడికీ అదే మాట. మా ఊళ్ళో కాకిసోమాల అనీవోరు. ఇక్కడ మిర్గీ అంటారు, దౌరా అంటారు. పేరేదైతేనేటి. మీ తాతకుండీది.

అలా సూడకు. మీ అమ్మకీ తెల్దు. ఆ పెన్ను పక్కనెట్టు.

మీ తాత ప్రైవేటు ఫ్యాక్టరీలో క్రేను ఆపరేటరు కదా. పేరెందుకులే, ఇప్పుడది నేదు కూడా. ఇనప కమ్మీల కట్టలు పైకెత్తి లారీల మీద దింపడం ఆ పని. పైన కేబిన్లో మీ తాత, కింద గొలుసు తగిలించీవోడు పైడిరాజు. మావీ పైడిరాజువీ ఒకటే వరసలో ఇళ్ళు, ఆనుకునుండీవి, మజ్జిన ఒక్క గోడ. ఆడి పెళ్ళాం సూరీడమ్మ. నన్ను వొదినా అనీది. మా ఇంట్లో పప్పు పొంగితే ఆ ఇంట్లోంచి అరిసీది, ‘వొదినా, పొయ్యి తగ్గించు’ అని. అంత దగ్గర.

ఓనాడు పొద్దున్న మీ తాత అద్దం ముందు గెడ్డం గీసుకుంటన్నాడు. మొకం నిండా సబ్బు. దబ్బుమని పడిపోనాడు. సబ్బు నురగో, నోటి నురగో నాకు తెలీనేదు. తాళాలగుత్తి తెచ్చి సేతిలో పెట్టినాను. అలా పెట్టాలంటారు కదా, ఇనుము పెడితే తగ్గుద్దని. అదంతా వొట్టిదేనట, డాక్టరు సెప్పినాడు తరవాత. రాయ్‌పూర్ ఎల్లి సూపించుకున్నాం, ఇక్కడైతే ఎవులైనా సూస్తారని. మందిచ్చినాడు. ఆ బిళ్ళేసుకుంటే మగతగుండీది. మగతతో క్రేనెలా నడుపుతాడు? డూటీ ఉన్ననాడు మింగీవోడు కాదు. సొక్కా ఉతికితే జేబులో బిళ్ళ నలిగి తెల్లగా పిండి. నాను సూసీదాన్ని. సూసి జాడించీసీదాన్ని.

మరి ప్రతి ఏడూ డాక్టరు దగ్గిర ఫిట్ సర్టిఫికేటు తేవాల. దుర్గ్‌లో ఉండీవోడు డాక్టరు. ‘కభీ చక్కర్ ఆతా హై? దౌరా పడా కభీ?’ అనడిగీవోడు, కళ్ళు తిరుగుతాయా, ఫిట్సొచ్చినాయా అని. ‘నహీ సాబ్’. అంతే. ఫిట్ అని రాసి ఇచ్చీవోడు. ఆయన తప్పేటుంది, మనం సెప్పందే ఆయనకెలా తెలుస్తాది.

ఇది ఇను ఇప్పుడు. ఓ ఏడు మీ తాత ఆ కాయితానికి బయిలెల్తా గుమ్మంలో ఆగిపోనాడు. ‘సెప్పీస్తానే ఈసారి’ అన్నాడు. ‘కింద మనుషులుంటారు. నాకు బయంగుంది’ అన్నాడు. నాను మీ అమ్మని లాక్కొచ్చినాను. రెండో క్లాసు సదువుతుంది, జడలేస్తన్నాను, ఒక జడ అయింది, ఒకటి విరబోసుంది. దాని నెత్తి మీద మీ తాత సెయ్యెట్టించి, ‘సెప్పనని ఒట్టెయ్’ అన్నాను. అన్‌ఫిట్ అంటే మర్నాడే పంపించీస్తారు, ఏటి తింటాం, ఎక్కడికెల్తాం అన్నాను. మీ తాత ఒట్టేసినాడు. ఎల్లి ఫిట్ అని రాయించుకొచ్చినాడు.

మీ అమ్మకి ఆ ఒట్టు గుర్తు నేదు. ఎప్పుడైనా తలనొప్పంటే ఆ నెత్తి మీదెట్టించిన సెయ్యే నాకు గుర్తొస్తాది.

తరవాతెన్నాళ్ళో కాదు. రెండు నెల్లేమో. నేదు నేదు, వానలు పడతన్నాయి, మూడు. మద్యాన్నం పూట. పైన కట్ట లేచుంది, మీ తాతకి ఒళ్ళు బిగుసుకుపోనాది, సెయ్యి ఆ లీవరు మీదే ఉండిపోనాది. కట్ట దిగిపోనాది. కింద పైడిరాజు.

ఇంక సెప్పలేనమ్మా అది.

మీ తాతకి తెలివొచ్చీసరికి అందరూ అరుస్తన్నారట. ఏటయినాదో తెలీక కిందికి తొంగి సూసినాడట. ఆ తొంగి సూడ్డమే. ఇంటికొచ్చినాక బట్టలు కూడా మార్సుకోలేదు, గోడకి ఆనుకుని కూకున్నాడు.

నాలుగోనాడు ఫ్యాక్టరీ మనుషులిద్దరొచ్చినారు, అడగడానికి. ‘మీ ఆయనకి జబ్బేమైనా ఉందా?’ అన్నారు. మీ తాత నా వేపు సూసినాడు. మనిషి నోరు తెరుస్తన్నాడు. నాను ముందే అనీసినాను, ‘నేదు బాబూ, ఫిట్టే’ అని. ట్రంకుపెట్టిలోంచి కాయితం తీసి సూపించినాను. ఆలు సదూకున్నారు, తలూపినారు. కింద మనిషి సూసుకోకండా కట్ట కిందికొచ్చీసినాడు, ఆడిదే తప్పని రాసుకున్నారు. సచ్చిపోయినోడు లేచి కాదన్లేడు కదా.

అది మొదలు మీ తాత క్రేనెక్కలేదు. సైకిల్ స్టాండు దగ్గిర కూకునీవోడు. నాతో మాటలూ పోనాయి. అన్నం పెట్టు, నీల్లు పెట్టు, అంతే. నువ్వనుకునీదానివి కదా, తాత మౌనం మనిషని. కాదే. పాటలు పాడీవోడు, కేబిన్లో పాడితే కిందికి ఇనిపించీదట.

సూరీడమ్మ పిల్లోడ్ని ఎంటబెట్టుకుని కొన్నాళ్ళక్కడే ఉంది. ఇళ్ళల్లో పన్లు సేసుకునీది. నాను కూరలిచ్చీదాన్ని, తీసుకునీది. మొకం కేసి సూసీది, దేనికో ఎదురుసూస్తన్నట్టు. తరవాత పక్కూరు కుమ్హారి ఎలిపోనారు, కొడుక్కక్కడ పని దొరికితే.

మీ తాత పోనాక నాకు నిద్దర నేదు. మీ నాన్న క్వార్టరుకొచ్చినాను, సెక్టర్ నాలుగులో ఇంత సల్లటి ఇల్లు, ఐనా నేదు. పోయినేడు ఒక్కదాన్నే ఆటో ఎక్కి కుమ్హారి ఎల్లినాను. గుడికెల్తన్నానని మీ అమ్మతో సెప్పి. సూరీడమ్మ వాకిట్లో సిక్కుడుకాయలు ఈనెలు తీస్తంది. ముసిల్దయిపోనాది. కూకున్నాను. సెప్పినాను మొత్తం. ఒట్టుతో సహా.

అది సేతిలో కాయ వదల్లేదు. ‘నాకు తెలుసు వొదినా’ అంది.

‘ఏటి తెలుసు?’

‘అన్నయ్యకి మూర్ఛుందని. ఓసారి యార్డులో పడిపోతే మా ఆయనే పట్టుకున్నాడు. ఎవులికీ సెప్పకే, ఆడపిల్లున్న ఇల్లు అన్నాడు. తెలిసే ఆ కట్ట కింద నిలబడీవోడు. పైనున్నది మీ అన్నయ్య, నాకేటీ కాదు అనీవోడు.’

అది కాయలు పక్కనెట్టింది.

‘ఆలొచ్చి అడిగిననాడు గోడకివతల నేనున్నాను. మా వొదిన సెప్తాది, సెప్తాది అని సెవి గోడకానించి కూకున్నాను. నువ్వు ఫిట్టే అన్నావు. సచ్చినోడు ఎలాగూ రాడు. సూసుకోకండా వొచ్చి సచ్చినాడని రాసినారు సూడు, నా కొడుకు అదే నమ్మి పెరిగినాడు. మా నాన్న అజాగ్రత్త మనిషి అంటాడు. నేను సెప్తే ఎవులు నమ్ముతారు, నీ సేతిలో కాయితముంటే? నువ్వే వొచ్చి సెప్తావని సూసినాను. రోజూ సూసినాను. ఇప్పుడా రావడం?’

కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు ఎనక్కి లాక్కుంది. తిట్టలేదు. తిట్టుంటే బాగుణ్ణు. ‘ఆటో దొరకదు పొద్దుపోతే, ఎల్లు’ అంది. లోపలికెల్లి తలుపేసుకుంది.

కొడుక్కైనా సెప్దామని మళ్ళీ రెండుసార్లెల్లినాను. ఆడు పన్లోకెల్లినాడంది కోడలు, అత్త పడుకుందంది. ఆ తరవాతోసారి ఎల్లీసరికి వాకిట్లో జనాలున్నారు. సూరీడమ్మని బయట పడుకోబెట్టినారు. ఎవులో, ‘మీరేమవుతారు అమ్మా?’ అనడిగినారు. ఏటి సెప్పను? పక్కింటోలం అన్నాను. కొడుకొచ్చి, ‘భిలాయి అత్తా’ అని నా సెయ్యి పట్టుకుని ఏడ్సినాడు. అచ్చం పైడిరాజు మొకమే. అప్పుడైనా సెప్పొచ్చు కదా. తల్లి శవం ముందెలా సెప్తాం అనుకున్నాను. మళ్ళీ నాకో వొంక దొరికింది, సూసినావా. ఇంక ఎల్లలేదు. మోకాళ్ళ నొప్పులంటన్నాను. మోకాళ్ళు కాదు.

ఏడవకు. నువ్వెందుకేడుస్తావు, నీకేటి సమ్మందం. ఇలా రా, దగ్గిరికి రా. నా ఆయుస్సు పోసుకుని బతుకు తల్లీ. అడిగినోడు ఎదురుగా ఉన్నప్పుడే నిజం సెప్పీ నోరు ఆ బగవంతుడు నీకియ్యాల. నాకియ్యలేదు... ఇచ్చినాడేమో, నానే... ఎల్లు, మొకం కడుక్కో. అమ్మొచ్చీ వేళయింది.