మైనరు, నైన్తు

బెళుగుప్పకు ఇవతల ఒక పల్లె. పట్టపగలు తలుపు గడియ పెట్టిందంటే లక్ష్మక్కకు ఏదో కొంప మునిగినట్టే. లోపల మంచం మీద కొడుకు ప్రవీణ్, ఒళ్లో గిటారు.

"ఎవురికి చేసినావురా ఫోను? నిజం చెప్పు."

"శశన్నకమ్మా. గుత్తిలో నాకు గిటారు నేర్పిస్తాండాడే, ఆ శశికుమారన్నకు. గడియెందుకు పెడతాండావు?"

"అబద్ధం! దొడ్లో నుంచి నా చెవులారా విన్యా. 'మైనరు, నైన్తు, రేపు పొద్దునకు ఎట్లయినా పట్టుకుంటా' అంటివి."

"అంటి. అయితే ఏమి?"

"అయితే ఏమి అంటాండావా! మీ నాయనకు తెలిస్తే నిన్నూ నన్నూ నిలువునా నరుకుతాడు."

"గిటారు నేర్చుకుంటే నరుకుతాడా? ఏమప్పా ఇది!"

"గిటారు పేరు చెప్పి తప్పించుకోవద్దు. బడి గోడ మీద రాసుండాది కదా, పిల్లోళ్లకు ఆపదొస్తే చేసే నంబరు. దానికే కదా చేసినావు? పోలీసోళ్లు వస్తారా? జీపులో వస్తారా?"

"పోలీసులా? ముందు కూర్చోమ్మా. ఇట్ల చూడు. మైనర్ నైన్త్ అనేది ఒక కార్డు."

"ఏం కార్డు? రేషన్ కార్డా?"

"అయ్యో! నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగితే కార్డు అంటారమ్మా. ఒకటో స్వరం, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది... నడుమది వదిలేసి ఒకటి పేర్చుకుంటా పోవాల. మూడోది రవ్వంత తగ్గిస్తే మైనరు. తొమ్మిదోది చేరితే నైన్తు."

"మరి పట్టుకుంటా అంటివే?"

"వేళ్లతో తీగల్ని పట్టుకునేదమ్మా. ఇదీ, ఈ మైనర్. ఈ నాలుగో తీగ మీద వేలు తీసేస్తే ఏడో స్వరం వచ్చింది. ఇంగ చిటికెనవేలు అన్నిట్లోకి సన్న తీగ మీద, రెండో గడిలో... రావడంల్యా నాకు. ఆ... విను."

"అబ్బ. ఎవురో పిలవబోయి మాట మింగేసినట్టుండాదిరా."

"అదే తొమ్మిదోది. అది లేకుంటే ఉత్త సెవెంతే."

"అయితే మైనరు అనేది పాటలో మాటనా?"

"పాటలో మాటే."

"నైన్తు కూడా?"

"అది కూడా."

"దేవుడా! ప్రాణం లేచొచ్చింది. నేనింగ నీ చెల్లెలి గురించే..."

"పద్మ గురించి ఏమి?"

"ఏమీ లేదు. ఇంగోసారి వాయించు, బాగుండాది."

"అమ్మా. మన పద్మ చదివేది నైన్తే కదా."

"వాయించురా."

"అవ్వకు బాగలేదని దాన్ని కణేకల్లుకు పంపితిరి. బడి మాన్పించి మరీ పంపితిరి. అవ్వకు ఏమైంది?"

"అవ్వ బాగనే ఉండాది..."

"మరి?"

"మీ నాయననే అడుగు."

"అమ్మా! మరి?"

"గిరికిచ్చి చేస్తాండాం. రేపు పొద్దున, గుళ్లో. నీకి చెప్తే రచ్చ చేస్తావని మీ నాయన చెప్పొద్దన్యాడు."

"గిరి మామకా? ఆయనకు ముప్పై దాటినాయి! దానికి పద్నాలుగు!"

"నా తమ్ముడేమన్నా పరాయోడా? ఆడ కాలవ నీళ్లుండాయి. ఈడుంటే నా మాదిరే ట్యాంకరు వెనకాల బిందె పట్టుకొని ఉరకాల కదరా, బతుకంతా!"

"అది ఒప్పుకునిందా?"

"చిన్నపిల్ల, దానికేం తెలుసు."

"ఒప్పుకునిందా అమ్మా?"

"నిన్న ఫోన్లో 'అన్నకియ్యి, అన్నకియ్యి' అని ఏడ్చింది. నేను... నేనియ్యలేదు."

"గడియ తియ్యి."

"తియ్యను. మీ నాయన వచ్చే పొద్దాయె. నాకు భయమైతాండాదిరా!"

"నాకూ భయంగానే ఉండాది. అయినా ఫోను చేస్తా."

"ఎవురికి చేస్తాండావు? శశన్నకేనా? రేయ్, గిటారు గురించే అని చెప్పురా! ప్రవీణూ!"

"హలో... బడి గోడ మీద నంబరు చూసి చేస్తాండా మేడం. మైనరు. నైన్తు."