సెట్టు బీరువాల అతుక్కున్న పద్యాలు

"తాతా, కవిత్వం చదవాలనుంది. ఏ పుస్తకంతోని షురూ చేయాలె?"

నన్నడుగుతున్నవా బిడ్డా? నవ్వొస్తుంది. ఫిల్మ్ నగర్ల ఎన్ని సినిమాలకు సెట్లు ఏసిన్నో. లాయర్ ఇల్లని, జమీందారు ఇల్లని బీరువాల నిండ పుస్తకాలు పేర్చేటోణ్ణి. పాతయి కిలో లెక్కన తెస్తుంటిమి, అప్పుడు కిలో రెండు రూపాయలు, కాదు కాదు, రెండున్నర. అట్ట రంగు చూసుడే. లోపల ఏమున్నదో ఒక్కనాడన్న తెరిచినోణ్ణి కాదు.

ఎనభై ఏడో, ఎనిమిదో... మీ నాయిన అప్పుడు బడికి పోతుండె. ఒక సెట్టుకు ఎర్ర అట్టలు తక్కువ పడ్డయి. షేక్‌పేటల మన ఇల్లు దగ్గర్నే గద, ఉరికొచ్చి మీ నాయినమ్మ పెట్టెలున్న ఎర్రట్ట పద్యాల పుస్తకం పట్కపోయిన. ఆమెకు చెప్పలే. సాయంత్రం తెచ్చి పెడ్త అనుకున్న. ఆ దినం ఫైటుండె. బీరువా ఊగితే పుస్తకాలు రాలతయి, టేకు టేకుకు ఎవరు పేరుస్తరు? అందుకని ఒకదానికొకటి జిగురు పెట్టి అతికిస్తుంటిమి. చెయ్యి అలవాటు చూడు, దాన్ని గూడ అతికించేసిన.

అది మీ నాయినమ్మకు వాళ్ళ నాయిన ఇచ్చిన పుస్తకం. ఆయన పోయినంక ఆమెకు మిగిలింది అదొక్కటే. నిజం చెప్తే తిట్టలే, ఏడ్వలే. నాలుగు దినాలు మాట్లాడలే. నాకు అన్నం సయించలే.

సెట్టు విప్పిననాడు తడిబట్ట పెట్టి, చాకుతోని మెల్లగ ఒలిచిన. ముందటి అట్ట పోయింది. ఎన్కటి అట్టకు పక్కనున్న సన్నటి పుస్తకం అంటుకొనే వచ్చింది. అది కొత్త కవిత్వం, ఎవరో ఆడామె రాసింది. మీ నాయినమ్మ పేజీ పేజీ తిప్పి చూసుకున్నది. పద్యాలన్నీ ఉన్నయి. అప్పుడు నోరు తెరిచింది.

"ఇన్నేండ్లు పుస్తకాలు మోసినవు. ఒక్కటన్న విన్నవా? కూసో."

కూసున్న. పద్యాలు రాగం తీసి చదివింది. సగం అర్థం కాలే గని మనసు నిమ్మలమైంది. తెల్లారి సన్నటిది చదివింది. అండ్ల ఒకామె బియ్యం ఏరుకుంట తనతోని తనే మాట్లాడుకుంటది. సిగ్గయింది బిడ్డా. ఇంట్ల మీ నాయినమ్మ మాట నేనెన్నడు విన్న? అప్పట్నుంచి ఆమె చదువుడు, నేను వినుడు, యేండ్లకేండ్లు.

పేర్లు అడగకు, పేర్లున్న పేజీలు అతుకుల్లనే చిరిగినయి. ఆమె పెట్టెలనే ఉన్నయి, పాతది, కొత్తది, రెండూ చదువు. ఒకటి చదివి ఇంకోటి ఇడిసిపెట్టకు. ఆమె పోయిన కాన్నుంచి ఈ ఇంట్ల ఎవ్వరు పైకి చదవలే. నాకు కండ్లు ఆనుతలేవు. జర పైకి చదువు తల్లీ, చల్లగుందువు. నేను ఈడనే కూసుంట...